ఆ మాటను కొట్టివేయండి: ఔషధ నియంత్రణాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం.

మీరు ఏ దేశంలో, ఏ కార్యాలయంలో ఉన్నా, మందుల పెట్టె మీద ఏ మాట ఉండాలో చివరికి తేల్చేది మీరే. ఆ పెట్టె మీద ఒక మాట ఉంది. దాన్ని కొట్టివేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ మాట ‘నిష్క్రియ పదార్థాలు’, అంటే అసలు మందు తప్ప అందులో ఉండే మిగతావన్నీ.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మందుల తయారీ ప్రయోగశాలలో 28 ఏళ్ళు పాలిమర్లతోనే, అంటే చిన్న ముక్కలు వరసగా అతుక్కుని ఏర్పడే పొడవాటి గొలుసు అణువులతోనే, గడిపాను. మందును ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎక్కడ వదలాలి, ఏ గంటకు ఎంత చొప్పున వదలాలి అనే లెక్కలే నా ఉద్యోగం. ఒక మాత్ర పన్నెండు గంటలు కాక పద్నాలుగు గంటలు నిలవడానికి నెలల తరబడి తల బద్దలు కొట్టుకున్న రోజులున్నాయి. అంతా అయ్యాక అనుమతి దరఖాస్తులో ఆ పాలిమర్‌ను ‘నిష్క్రియ’ అనే శీర్షిక కింద నా చేత్తో నేనే రాసేవాణ్ణి. ఫారంలో ఆ గడి ఉంది, నింపాను. అప్పట్లో ఏమీ అనిపించలేదు.

అనిపించింది మా పెద్దమ్మ విషయంలో. పక్షవాతం వచ్చాక ఆవిడ మింగలేకపోయేది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం, మందులు. మాత్రలన్నీ నూరి, నీళ్ళలో కలిపి గొట్టంలో పోసేవారు. వాటిలో రోజుకు ఒక్కటే వేసుకోవలసిన రక్తపోటు మాత్ర ఉంది. ఇరవై నాలుగు గంటల మోతాదు అందులో ఇమిడి ఉంటుంది. నూరగానే అదంతా ఒక్కసారిగా విడుదలైంది. కాసేపటికే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయింది. ఆవిడ కోలుకుంది, అది అదృష్టం. మాత్ర నూరిన నర్సును నేను తప్పుపట్టలేదు. ఆమె పెట్టె చూసింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో మందు పేరు, దాని తోకలో, మందు మెల్లగా విడుదలవుతుందని చెప్పే రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఆ తోక కూడా ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు: ఒకరు ‘ఈఆర్’ అంటారు, ఒకరు ‘ఎస్‌ఆర్’, ఇంకొకరు ‘ఎక్స్‌ఎల్’, మరొకరు ‘సీఆర్’. వెనకవైపు, భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాల్లో, ‘నిష్క్రియ పదార్థాలు: హైప్రోమెల్లోజ్...’ అని ఉంది. నిష్క్రియమని మీరే రాయించిన పదార్థాన్ని నూరితే ఏమవుతుందని ఆమె ఎందుకు భయపడాలి?

ఈ హైప్రోమెల్లోజ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చిక్కంతా ఇక్కడే ఉంది. ఇది సెల్యులోజ్ నుంచి తయారయ్యే పాలిమర్. నీరు తగలగానే మాత్ర పైపొర ఉబ్బి జిగురు ముద్దలా మారుతుంది. లోపలి మందు ఆ జిగురులోంచి దారి వెతుక్కుంటూ బయటికి రావాలి. జిగురు పైనుంచి మెల్లగా కరిగిపోతూ ఉంటుంది, లోపల కొత్త జిగురు పుడుతూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య పోటీయే ఆ మాత్రకు గడియారం. అయితే హైప్రోమెల్లోజ్ అన్నది ఒక్క పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. రెండు శాతం ద్రావణంగా చేసి చిక్కదనం కొలిస్తే, ఒక రకం నీటికంటే కొద్దిగా చిక్కగా ఉంటుంది. మరో రకం దానికంటే వేల రెట్లు చిక్కగా ఉంటుంది. పలచని రకాన్ని మామూలు మాత్రలకు నున్నని పూతగా వేస్తారు. చిక్కని రకం మందుకు తాళం. పొడి కళ్ళకు వేసే చుక్కల మందులోనూ ఇదే పేరు కనిపిస్తుంది. పెట్టె మీద మాత్రం అన్నిచోట్లా ఒకే పేరు. పూతగా ఉన్నదో తాళంగా ఉన్నదో ఆ పేరు చూసి నాకే తెలియదు, మరి నర్సుకు ఎలా తెలుస్తుంది?

మందును మోసే పదార్థం ఊరకే ఉండదని మన శాస్త్రానికి తెలియక కాదు. అసలు ఈ శాస్త్రం పుట్టిందే ఆ ఎరుకతో. 1960ల్లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేస్తున్న జూడా ఫోక్‌మన్ కుందేళ్ళ రక్తాన్ని సిలికోన్ రబ్బరు గొట్టం గుండా ప్రవహింపజేస్తూ ఒక వింత గమనించాడు. గొట్టం బయట మత్తు వాయువు ఉంచితే లోపల రక్తం పారుతున్న కుందేలు నిద్రపోయింది. వాయువు గొట్టం గోడను దాటి రక్తంలో కలిసిందన్నమాట. ఏమీ చేయని గొట్టమనుకున్నది నిజానికి ఒక తలుపు. గోడ మందం మారిస్తే వేగం మారుతుంది, లోపల మందు నింపితే బయటికి వస్తుంది. 1964లో డేవిడ్ లాంగ్‌తో కలిసి ఆయన దీన్ని ప్రచురించాడు. ఆ దారిలోనే తరువాత చేతి చర్మం కింద పెట్టే ఆరు సిలికోన్ కడ్డీలతో అయిదేళ్ళు పనిచేసే గర్భనిరోధకం వచ్చింది. ఫోక్‌మన్ ప్రయోగశాలకు వచ్చిన రాబర్ట్ లాంగర్, పెద్ద ప్రోటీన్ అణువులను సైతం పాలిమర్ లోంచి చాలా రోజులపాటు విడుదల చేయవచ్చని 1976లో చూపించాడు. అంత పెద్ద అణువులు పాలిమర్ గుండా రావడం జరగని పని అనుకున్న రోజులవి.

తెలుగులో ‘అనుపానం’ అనే పాత మాట ఉంది. మందును దేనితో కలిపి పుచ్చుకుంటామో అది. అనుపానం మారితే మందు పనితీరు మారుతుందన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. మీ నిబంధనల్లోని మాటలో ఆ పాటి ఎరుక కూడా లేదు. అమెరికా నిబంధన ప్రకారం క్రియాశీల పదార్థం కానిదంతా నిష్క్రియ పదార్థమే. నిర్వచనం అంతే. తీసేయగా మిగిలినదానికి పెట్టిన పేరు అది. యూరప్ సమాచార పత్రాల్లో ‘ఇతర పదార్థాలు’ అని రాస్తారు. అందులో అబద్ధం లేదు, కానీ సమాచారమూ లేదు.

ఇప్పుడు ఒకే ఒక్క రసాయన గొలుసు కథ చెప్తాను. ఒక ఆక్సిజన్, రెండు కార్బన్‌లు, మళ్ళీ ఒక ఆక్సిజన్, రెండు కార్బన్‌లు... ఇలా సాగే గొలుసు. పొట్టిగా ఉంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ అంటారు, ముద్దుగా పెగ్. చాలా పొడుగ్గా ఉంటే పాలీఇథిలీన్ ఆక్సైడ్ అంటారు. పేర్లు రెండు, గొలుసు ఒక్కటే.

అణుభారం 3,350 ఉన్నప్పుడు ఇది మలబద్ధకానికి ఇచ్చే మందు. గమనించండి, అక్కడ ఇదే ‘క్రియాశీల పదార్థం’! పేగులో నీటిని పట్టి ఉంచుతుంది, అంతే. గొలుసు బాగా పొడవైనప్పుడు ఇది నీరు తాగి విపరీతంగా ఉబ్బుతుంది. 1989లో అమెరికాలో అనుమతి పొందిన, నిఫెడిపిన్ అనే రక్తపోటు మందును మెల్లగా వదిలే మాత్రలో దీన్ని పిస్టన్‌లా వాడారు. మాత్ర చుట్టూ సెల్యులోజ్ ఎసిటేట్ పొర, ఆ పొరకు లేజర్‌తో పొడిచిన ఒక సన్నని రంధ్రం. పొర గుండా నీరు లోపలికి వస్తుంది, అడుగున ఉన్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఉబ్బుతుంది, పైనున్న మందును రంధ్రంలోంచి కొంచెం కొంచెంగా నెడుతుంది. నా దృష్టిలో ఇది మందుల తయారీలో అత్యంత ముచ్చటైన యంత్రాల్లో ఒకటి. మందంతా అయిపోయాక ఖాళీ డొల్ల చెక్కుచెదరకుండా మలంలో బయటికి వస్తుంది. ఆ డొల్లను చూసి ‘మాత్ర అరగలేదు’ అని మరో మాత్ర వేసుకున్న పెద్దాయనతో నేను స్వయంగా మాట్లాడాను. రెండు రోజులుగా అలాగే చేస్తున్నానని ఎంతో అమాయకంగా చెప్పాడు. డొల్ల బయటికి వస్తుందన్న వాక్యం సమాచార పత్రంలో ఉంది, లేదనను. మడతలు విప్పితే బల్లంత పరుచుకునే ఆ కాగితంలో ఎక్కడో ఉంది.

ఇదే గొలుసు మూడో అవతారం విషాదం. ఆక్సిమార్ఫోన్ అనే బలమైన నొప్పి మందును జనం పొడి చేసి పీల్చి దుర్వినియోగం చేస్తున్నారని, ఆ మందు ఉన్న ఒపానా ఈఆర్ మాత్రను 2012లో కొత్త రూపంలో తెచ్చారు. నలిగిపోకుండా అందులో అధిక అణుభారమున్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ వాడారు. ఉద్దేశం మంచిదే. పీల్చడం కష్టమైన కొందరు దాన్ని కరిగించి నరంలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. అదే ఏడాది అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో వింత కేసులు బయటపడ్డాయి: చిన్న రక్తనాళాల్లో గడ్డలు, చిట్లిపోయిన ఎర్ర రక్తకణాలు, దెబ్బతిన్న మూత్రపిండాలు. నొప్పి మందు ఆ పని చేయదు. తరువాత జంతువుల మీద చేసిన పరీక్షల్లో వేలు ఆ పొడవైన గొలుసు వైపే చూపింది. 2017 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందును మార్కెట్ నుంచి తీసేయమని కోరింది. పీల్చడం నుంచి ఇంజెక్షన్‌కు మారిన అలవాటు, దానివెంట పాకిన అంటువ్యాధులు, ఈ రక్త జబ్బు, ఇవన్నీ ఆ నిర్ణయానికి కారణాలు. మింగితే ఏమీ చేయని పదార్థం నరంలోకి వెళ్తే మనిషిని ఆసుపత్రి పాలు చేసింది. నిష్క్రియం అన్నది ఆ పదార్థంలో ఉన్న గుణం కాదు. ఏ దారిన, ఎంత పొడవున, ఎంత మోతాదులో వెళ్ళిందన్నదే తేలుస్తుంది.

నాలుగో అవతారంలో ఇది ప్రాణదాత. 1977లో ఫ్రాంక్ డేవిస్, అబ్రహం అబుచౌస్కీ బృందం ప్రోటీన్లకు పెగ్ గొలుసులు తగిలిస్తే శరీర రక్షణ వ్యవస్థ వాటిని అంత త్వరగా గుర్తుపట్టదని చూపింది. ఏడీఏ అనే ఎంజైమ్ లేక, ఏ చిన్న అంటువ్యాధినీ తట్టుకోలేని స్థితిలో పుట్టే పసిపిల్లలున్నారు. ఆవు నుంచి తీసిన అదే ఎంజైమ్‌కు పెగ్ తొడిగి ఇచ్చే మందుకు 1990లో అమెరికా అనుమతి దొరికింది. ఆ పిల్లల విషయంలో ఈ గొలుసును నిష్క్రియమని అనడానికి నాకు నోరు రాదు.

కానీ తొడుగు ఎల్లకాలం కనిపించకుండా ఉండలేదు. సౌందర్య సాధనాల నుంచి మందుల దాకా పెగ్ లేని చోటు లేదు, దాన్ని గుర్తించే యాంటీబాడీలు కొందరిలో ముందే ఉంటాయి. గుండె రక్తనాళాల చికిత్సలో పెగ్ తగిలించిన పెగ్నివాకోజిన్‌ను పరీక్షిస్తున్నప్పుడు, సుమారు 3,200 మందిని చేర్చుకున్నాక, తీవ్రమైన అలర్జీల వల్ల 2014లో ప్రయోగం ఆపేయవలసి వచ్చింది. అలర్జీ వచ్చినవారి రక్తం పరిశీలిస్తే పెగ్ మీద యాంటీబాడీలు ముందునుంచే అధికంగా ఉన్నట్టు తేలింది. యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే మొండి గౌట్ జబ్బుకు 2010లో అనుమతి పొందిన పెగ్లోటికేస్, పెగ్ తొడిగిన ఎంజైమ్, మరో ఉదాహరణ. దాని కీలక పరీక్షల్లో రెండు వారాలకోసారి మందు తీసుకున్నవారిలో 42 శాతం మందికే ప్రయోజనం నిలిచింది. మిగిలిన చాలామందిలో శరీరం ఎంజైమ్ మీద కంటే దాని తొడుగు మీదే ఎక్కువగా తిరగబడింది. ఇక్కడ మీ సంస్థలకు దక్కవలసిన మెచ్చుకోలు ఉంది. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు యూరిక్ ఆమ్లం చూసి, అది పెరుగుతూ ఉంటే మందు ఆపేయమని ఆ లేబుల్ స్పష్టంగా చెప్తుంది. మోసే పదార్థం చేసే పనిని లెక్కలోకి తీసుకుని లేబుల్ రాయడం మీకు చేతనవునని నాకు దాని వల్లే తెలిసింది. మరి మిగతా వాటికి ఎందుకు రాయరు?

పీఎల్‌జీఏ సంగతి చెప్పకుండా ఈ రంగంలో ఎవరూ ఉత్తరం ముగించలేరు. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల గొలుసు అది. మొదట శరీరంలో తనంతట తాను కరిగిపోయే కుట్లదారంగా పేరు తెచ్చుకుంది. దాన్ని కంటికి కనిపించనంత గోళాలుగా చేసి లోపల మందు పెడితే, నీరు తగిలి గొలుసు తెగుతూ మందును వదులుతుంది. తెగిన ముక్కలు చివరికి నీరు, బొగ్గుపులుసు వాయువుగా బయటికి పోతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోజూ వేయవలసిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ నెలకొకటి అయింది దీనివల్లే, 1989లో. రెండు ఆమ్లాలూ సరిసమానంగా ఉంటే గొలుసు త్వరగా తెగుతుంది, లాక్టిక్ వాటా పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. గొలుసు కొసను ఏ రసాయన సమూహంతో మూశారన్నది కూడా వేగాన్ని మారుస్తుంది. లోపల పుట్టే ఆమ్లం బయటికి పోలేక లోపలి గొలుసునే ఇంకా వేగంగా కొరికేస్తుంది కూడా. పైకి నిండుగా కనిపిస్తూ లోపల గుల్లబారిన గోళాలను మైక్రోస్కోపులో మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తు. ఆ నెల మా ప్రణాళిక మొత్తం తలకిందులైంది. అది వేరే కథ.

ఇందులో రోగికి తగిలే దెబ్బ కాలానికి సంబంధించినది. మానసిక వ్యాధికి రెండు వారాలకోసారి ఇచ్చే రిస్పెరిడోన్ ఇంజెక్షన్ ఇలాంటి గోళాలతో తయారై 2003లో అమెరికాలో అనుమతి పొందింది. సూది వేయగానే మందు పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆ గోళాలు మాత్రం సుమారు మూడు వారాల వరకు మందును పెద్దగా వదలవు. అందుకే మొదటి మూడు వారాలు మాత్రలు కూడా కొనసాగించాలి. వైద్యులకు ఇచ్చే పత్రంలో ఈ మాట ఉంది. కానీ ‘ఇంజెక్షన్ వేయించుకున్నాను కదా’ అని మాత్రలు మానేసే మనిషికి, అతన్ని కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్ళకు, ఆ మూడు వారాల ఖాళీ ఎందుకు వచ్చిందో ఎవరు చెప్తారు? జబ్బు తిరగబెడితే మందు పనిచేయలేదని అంటారు. అప్పటికి మందు ఇంకా గోళంలోనే ఉంది.

మద్యం ఊసు కూడా ఎత్తకపోతే కుదరదు. హైడ్రోమార్ఫోన్ అనే బలమైన నొప్పి మందును రోజంతా వదలడానికి తయారుచేసిన పల్లాడోన్ గుళికలు 2004లో అనుమతి పొంది 2005 జూలైలోనే మార్కెట్ నుంచి వెనక్కి వచ్చాయి. గాఢమైన మద్యంతో కలిపి తీసుకుంటే ఆ నెమ్మది విడుదల వ్యవస్థ చెడిపోయి, రక్తంలో మందు గరిష్ఠ స్థాయి సగటున ఆరు రెట్ల దాకా పెరిగింది. అప్పటినుంచి ఇలాంటి మందులను ఆల్కహాల్‌లో కూడా పరీక్షించడం మొదలైంది. మంచిదే. ఆ పరీక్ష ఫలితం మాత్రం పెట్టె మీదికి రాలేదు.

మీ జవాబు నాకు తెలుసు, ఎందుకంటే అవతలి కుర్చీలో నేనూ కూర్చున్నాను. పాలిమర్ రకం, అణుభారం వ్యాపార రహస్యాలంటారు. ఎవరి నుంచి రహస్యం? మాత్రను కరిగించి గొలుసు పొడవు కొలవడానికి పోటీ కంపెనీకి ఎంతో కాలం పట్టదు. మేము ఆ పనే చేసేవాళ్ళం. తెలియనిది రోగికి, వైద్యుడికి, నర్సుకు మాత్రమే. రెండోది, జనం భయపడతారంటారు. అర్థంకాని రసాయన పేర్ల జాబితా కంటే ‘ఇది మందును మెల్లగా వదులుతుంది’ అన్న వాక్యం భయపెడుతుందా?

అసలు నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. పీఎల్‌జీఏ ఇంజెక్షన్‌కు ఎవరైనా జనరిక్ తయారు చేయబోతే, రెండు ఆమ్లాల నిష్పత్తి, అణుభారం, గొలుసు కొసలు అసలు మందుతో సరిపోలుతున్నాయని రుజువు చేయమని అడిగేది మీరే. ఆ రుజువులు సమకూర్చడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. అంటే దరఖాస్తు దస్త్రంలో ఆ పాలిమర్ లేనిదే ఆ మందు ఆ మందే కాదు. పెట్టె మీదికి వచ్చేసరికి అదే పాలిమర్ నిష్క్రియం. ఒకే కార్యాలయం, ఒకే పదార్థం, రెండు నాలుకలు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మందు వేగాన్నీ చోటునూ నిర్ణయించే పాలిమర్‌ను నిష్క్రియ పదార్థాల జాబితా నుంచి తీసి, ‘మందును మోసే పదార్థం’ అనే కొత్త శీర్షిక కింద, మందు పేరు పక్కనే రాయించండి. వైద్యుల పత్రంలో దాని రకం, అణుభారం ఉండాలి. తయారీదారు ఆ రకాన్ని మార్చినప్పుడు మార్పు తేదీ కూడా ఉండాలి. ఆ తోక అక్షరాలను మాత్రం ఇక ఒకటిగా చేయండి. ఈ పని ఇన్నేళ్ళుగా ఎందుకు కాలేదో నాకు నిజంగా అర్థం కాదు.

రోగి చూసే వైపున నాలుగు వాక్యాలు చాలు. మా పెద్దమ్మ మాత్ర పెట్టెకు నేనే రాసి చూశాను: ‘ఈ మాత్రలోని హైప్రోమెల్లోజ్ మందును 24 గంటల పాటు కొద్దికొద్దిగా వదులుతుంది. మాత్రను నూరకండి, విరవకండి, నమలకండి. నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. మింగలేనివారికి, గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి ఈ మాత్ర పనికిరాదు, వేరే రూపం అడగండి.’ పెట్టె వెనక ఇప్పుడున్న జాబితాను కాస్త పక్కకు జరిపితే ఇది పడుతుంది. కత్తిరించి అతికించి చూశాను, పట్టింది. డొల్ల బయటికి వచ్చే మాత్రలకు, ఆలస్యంగా మొదలయ్యే ఇంజెక్షన్లకు, పెగ్ తగిలించిన మందులకు కూడా ఇలాంటి ముసాయిదాలు రాసి పెట్టాను. అడిగితే పంపుతాను. నా పేరు వేయనవసరం లేదు.

భవదీయుడు,
మందుల తయారీ విభాగంలో పనిచేసి విరమించిన ఒక ఫార్మసిస్టు